ఏ పెంచలయ్య ఖాతా?

కొడవలూరులో ఎరువుల కొట్టు ఖాతా పుస్తకానికి అంచున అక్షరాల మెట్లు కత్తిరించి ఉంటాయి. 'అ' దగ్గర వేలు పెట్టి లాగితే అప్పారావు, 'స' దగ్గర లాగితే సుబ్బరామయ్య రావాలి. కానీ మా నెల్లూరు సీమలో పేర్లు అక్షరమాలను సమంగా పంచుకోలేదు. పెంచలకోన నరసింహస్వామికి మొక్కుకుని పెట్టుకున్న పెంచలయ్యలు, పెంచలమ్మలు, పెంచల రెడ్లు అందరూ 'ప'లోనే. మస్తానయ్యలు, మస్తాన్‌బీలు, మల్లికార్జునలు 'మ'లో. వెంకయ్య మొదలు వెంకటరమణయ్య దాకా 'వ'లో. 'ఠ' పేజీ కొన్ననాటి తెలుపుతోనే ఉంటుంది. అందుకే నాట్ల రోజుల్లో ఒక కుర్రాడు వచ్చి "పెంచలయ్య ఖాతాలో రెండు బస్తాల యూరియా" అంటే, కొట్టాయన పుస్తకం ముట్టుకోకముందే అడుగుతాడు: "ఏ పెంచలయ్య అబ్బయా? గండవరమా, రాచర్లపాడా? మీ తాత పేరేంది?"

నెట్‌వర్కుకి తగిలించిన ప్రతి కంప్యూటరు లోపలా ఈ ప్రశ్నే నడుస్తుంటుంది. వైరు మీదో గాలిలోనో ఒక ప్యాకెట్ వచ్చి పడుతుంది. అది ఎవరిది? ఏ ప్రోగ్రాము తెరిచిన ఏ కనెక్షన్‌కి చెందింది? ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ అయిన కెర్నల్ దీనికి జవాబు కనుక్కున్నాకే మిగతా పని మొదలవుతుంది. ఒక్కసారి చేస్తే చాలే పని కాదిది, ప్యాకెట్ ప్యాకెట్‌కీ చేయాలి. 10 గిగాబిట్ల లైను మీద అతి చిన్న ప్యాకెట్లు నిండుగా వస్తే సెకనుకి సుమారు 1.488 కోట్లు. ఒక్కోదానికి దక్కే సమయం 67 నానో సెకన్లు. ప్రాసెసర్ ఒక్కసారి ప్రధాన మెమరీ దాకా వెళ్లి రావడానికే దాదాపు 100 నానో సెకన్లు పడుతుంది. ఈ రెండు అంకెలనీ పక్కపక్కన పెట్టుకుంటే, గత నలభై ఏళ్లలో ఈ రంగంలో ఇంత ఆలోచన ఎందుకు సాగిందో అర్థమవుతుంది.

టీసీపీ కనెక్షన్‌ని గుర్తుపట్టేవి నాలుగు: అవతలి ఐపీ చిరునామా, అవతలి పోర్టు, ఇవతలి చిరునామా, ఇవతలి పోర్టు. ఐపీ నాలుగో వెర్షన్‌లో అన్నీ కలిపి 96 బిట్లు. భూరికార్డుల వెబ్‌సైటు మీభూమిలో అడంగల్ చూసుకుంటున్న రైతులని సర్వరు వైపు నుంచి చూడండి. సర్వరు చిరునామా అందరికీ ఒకటే, పోర్టు 443 అందరికీ ఒకటే. అంటే సగం బిట్లు ఎవరినీ ఎవరి నుంచీ వేరు చేయవు. మిగతా సగంలోనూ ఇంకో చిక్కుంది. మొబైల్ కంపెనీలు చిరునామాలు చాలక వేల ఫోన్లని ఒకే బయటి చిరునామా వెనక పెడతాయి. అప్పుడు గండవరం ఫోనుకీ రాచర్లపాడు ఫోనుకీ సర్వరు దగ్గర మిగిలే తేడా 16 బిట్ల పోర్టు ఒక్కటే. ఈ సంగతి ముందే మనసులో పెట్టుకోవాలి. ఎందుకంటే ఈ సమస్య గురించి మాట్లాడేవాళ్లు చాలామంది డేటా స్ట్రక్చర్ పేరు దగ్గరే ఆగిపోతారు. నా దృష్టిలో అసలు బరువంతా దేనితో వెతుకుతున్నాం అన్నదాని మీద, అంటే కీ మీద ఉంది.

మొదట్లో ఈ గొడవేమీ లేదు. 1983లో వచ్చిన 4.2 బీఎస్‌డీలో కనెక్షన్లన్నీ ఒకే గొలుసు, అదే లింక్డ్ లిస్టు. ప్యాకెట్ రాగానే మొదటి నుంచి చూసుకుంటూ పోవడమే. విశ్వవిద్యాలయంలో ఒక యంత్రానికి పదుల కనెక్షన్లు ఉన్న కాలమది. అప్పటికి అది తప్పు నిర్ణయం కాదు. తర్వాత చిన్న మెరుగు పడింది: చివరిసారి దొరికిన కనెక్షన్‌ని గుర్తుపెట్టుకుని, కొత్త ప్యాకెట్ దానిదేనేమో ముందు చూడటం. దీని వెనక మంచి పరిశీలన ఉంది. ప్యాకెట్లు విడివిడిగా కాక రైలు పెట్టెల్లా ఒకదాని వెంట ఒకటి వస్తాయని రాజ్ జైన్, షాన్ రౌతియర్ 1986లో చూపించారు. ఒకే ఫైలు దిగుతుంటే వచ్చే పదో ప్యాకెటూ పదకొండోదీ ఒకరివే. కొట్టాయన కూడా అంతే, ఎదురుగా నిలబడ్డ రైతు పేజీని అతను వెళ్లేదాకా మూయడు.

అయితే అందరూ ఒక్కసారే వచ్చి తలా ఒక బస్తా అడిగే రోజు సంగతేమిటి? సీక్వెంట్ కంపెనీలో పనిచేసిన పాల్ మెకెన్నీ, కెన్ డోవ్ 1992లో సిగ్‌కామ్ సదస్సులో చదివిన పత్రం ఈ ప్రశ్న మీదే. వాళ్లు తీసుకున్నది బ్యాంకు లావాదేవీల నమూనా. వేల టెర్మినళ్లు, ఒక్కొక్కటీ ఒక చిన్న అభ్యర్థన పంపి కాసేపు ఊరుకుంటుంది. ఇక్కడ రైలు పెట్టెలు లేవు. 2,000 మంది ఉంటే, ఈసారి వచ్చినవాడే మళ్లీ రావడానికి రెండు వేలలో ఒక వంతు అవకాశం. గుర్తుపెట్టుకున్న పేజీ పనికిరాదు, సగటున వెయ్యి కనెక్షన్లు తడమాలి. అదే గొలుసుని 19 చిన్న గొలుసులుగా విడగొట్టి, కీని ఒక సంఖ్యగా మార్చే హ్యాష్ లెక్కతో ఏ గొలుసో ముందే తేల్చుకుంటే సగటు 53కి దిగుతుంది. 19 అనేది ఇప్పటి కళ్లకి ఎంత చిన్న సంఖ్య! అయినా దెబ్బకి ఇరవై రెట్ల తేడా. హ్యాష్ ఆలోచన అప్పటికే పాతది, ఐబీఎంలో హాన్స్ పీటర్ లూన్ 1953లోనే రాశాడు. కానీ నెట్‌వర్క్ వెతుకులాటలో దాని అవసరాన్ని ఇంత తేటగా లెక్కగట్టి చూపిన పత్రం మరొకటి నేను చదవలేదు. లోడు స్వభావం మారితే మంచి స్ట్రక్చర్ చెడ్డదైపోతుందని అందులో కళ్లకు కట్టినట్టు కనబడుతుంది.

ఇక్కడ విద్యార్థులు తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది: ట్రీ ఎందుకు కాదు? సమతూకం తప్పని రెడ్-బ్లాక్ ట్రీలో పది లక్షల కనెక్షన్లున్నా దాదాపు ఇరవై పోలికల్లో తేలిపోతుంది, ఎంత చెడ్డా దానికి రెట్టింపు దాటదు. ఇది నిజమే. కానీ ఆ ఇరవై పోలికలూ ఇరవై మెమరీ ప్రయాణాలు. పైకొమ్మలు ప్రాసెసర్ క్యాషేలోనే ఉన్నా కింద పది దాకా ప్రధాన మెమరీకి పోవలసిందే. 67 నానో సెకన్లు చేతిలో పట్టుకుని వెయ్యి నానో సెకన్ల పనికి దిగినట్టవుతుంది. హ్యాష్‌లో బకెట్‌కి, అంటే గొలుసు మొదలుండే గడికి ఒక ప్రయాణం, కనెక్షన్‌కి ఒకటి. అంతకంటే పెద్ద కారణం ఇంకొకటుంది. ట్రీ మనకిచ్చే వరం వరుసక్రమం. 'దీని తర్వాతి కనెక్షన్ ఏది' అని ఏ ప్యాకెట్టూ అడగదు. వాడని వరానికి ప్రతి ప్యాకెట్టూ ఖరీదు కట్టడమెందుకు? వెతికిన ప్రతిదాన్నీ పైకి తెచ్చుకునే స్ప్లే ట్రీ (స్లీటర్, టార్జాన్, 1985) కాగితం మీద అందంగా ఉంటుంది. కానీ చదవడం కూడా రాయడమే అయిపోతుంది కాబట్టి పది కోర్‌లు ఒకేసారి పనిచేసే యంత్రంలో అది కుదరదు.

ట్రీకి తగిన చోటు పక్క వీధిలోనే ఉంది. పిన్‌కోడ్ చూడండి. 1972 ఆగస్టు 15న మొదలైన ఆ ఆరంకెల పద్ధతిలో 5 అంటే దక్షిణాదిలో మన వైపు, 524 అంటే నెల్లూరు. విశాఖలో ఉత్తరాలు వేరుచేసే ఉద్యోగికి కొడవలూరు ఎక్కడుందో తెలియనక్కర లేదు. 524 కనబడితే నెల్లూరు సంచిలో వేస్తే చాలు. కొడవలూరు పోస్ట్‌మ్యాన్‌కి మాత్రం అచ్చంగా ఆ మనిషే కావాలి. నెట్‌వర్కులో దారి వెతకడం మొదటి రకం: చిరునామా మొదటి బిట్లు ఎంత పొడవుగా కలిస్తే అంత మంచి దారి. కనెక్షన్ వెతకడం రెండో రకం: అన్నీ కలవాలి, లేకపోతే లేదు. మొదటిదానికి ట్రీ పుట్టినిల్లు. డోనాల్డ్ మారిసన్ 1968లో చెప్పిన పట్రీషియా ట్రీని కీత్ స్క్లోవర్ 1991లో బీఎస్‌డీ దారుల పట్టికకి మలిచాడు. లినక్స్ 2005లో నిల్సన్, కార్ల్‌సన్‌ల ఎల్‌సీ-ట్రై తెచ్చుకుంది. ఈ రెండు ప్రశ్నలనీ కలిపేస్తే ఏమవుతుందో లినక్స్ స్వయంగా అనుభవించింది. దారుల ట్రీ ముందు ఒక హ్యాష్ క్యాషేని పెట్టి, వాడిన ప్రతి చిరునామానీ అందులో దాచేది. బయటివాడు లెక్కలేనన్ని కొత్త చిరునామాలతో ప్యాకెట్లు పంపితే ఆ క్యాషే చెత్తతో నిండి యంత్రం కుంగిపోయేది. చివరికి 2012లో, 3.6 వెర్షన్‌లో డేవిడ్ మిల్లర్ దాన్ని పూర్తిగా పీకేశాడు. తీసేయడమే మెరుగైన సందర్భాల్లో ఇదొకటి.

ఇప్పుడు ఒక పట్టికని దగ్గరగా చూద్దాం. 8 జీబీ మెమరీ ఉన్న లినక్స్ యంత్రం లేచేటప్పుడు రాసుకునే చిట్టాలో టీసీపీ ఎస్టాబ్లిష్డ్ హ్యాష్ టేబుల్ ఎంట్రీలు 65536 అని ఒక వరస కనబడుతుంది. పక్కనే 524288 బైట్లు అని ఉంటుంది. భాగిస్తే ఒక్కో బకెట్‌కి 8 బైట్లు, అంటే గొలుసు మొదలుని చూపే వేలు ఒక్కటే. కనెక్షన్ వివరాలేవీ పట్టికలో ఉండవు, అవి వాటి చోటనే ఉండి ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. 8 జీబీకి 65536 అంటే ప్రతి 128 కేబీ మెమరీకి ఒక బకెట్. ఈ లెక్క 64 జీబీ దగ్గర 524288 బకెట్లకి చేరి అక్కడ ఆగుతుంది, కావాలంటే బూట్ సమయంలో చెప్పి మార్చుకోవచ్చు. ఇంకా ఒక విషయం: యంత్రం నడుస్తుండగా ఈ పట్టిక పెరగదు, తగ్గదు. నడుస్తూనే పెరిగే హ్యాష్ టేబుల్ లినక్స్‌లో 2014 నుంచీ ఉంది, టీసీపీ మాత్రం దాన్ని తీసుకోలేదు. ఇది సరైన నిర్ణయమేనని నా అభిప్రాయం. 64 జీబీ యంత్రంలో 4 ఎంబీ పట్టిక ఒక లెక్కా? 20 లక్షల కనెక్షన్లు వచ్చినా గొలుసుకి నాలుగు లోపే పడతాయి. 2012లో వాట్సాప్ ఒకే ఫ్రీబీఎస్‌డీ సర్వరు మీద 20 లక్షలకి పైగా కనెక్షన్లు నిలబెట్టానని చెప్పింది గనక ఇది ఊహలో సంఖ్య కాదు. ఆ భారానికి పట్టిక పెంచే యంత్రాంగం కన్నా ముందే పెద్దది కట్టుకోవడం తేలిక. కాకపోతే ఒకే యంత్రాన్ని పదిమంది కంటైనర్లుగా పంచుకునే చోట ఒకడి రద్దీ ఇంకొకడి గొలుసు పొడవు పెంచుతుంది. దానికి 6.1 వెర్షన్‌లో ఎవరి పట్టిక వాళ్లకి ఇచ్చే సదుపాయం వచ్చింది.

తెగిన కనెక్షన్లు కూడా ఇందులో చోటు తింటాయని మరవకూడదు. ముందుగా మూసినవాడి వైపు లినక్స్‌లో అవి 60 సెకన్లు ఉండిపోతాయి. సెకనుకి వెయ్యి మూసే సర్వరులో చచ్చినవే ఎప్పుడూ అరవై వేలు.

ఇక కీ దగ్గరికి వద్దాం. మాట్లాడుతున్న కనెక్షన్లకి పెద్ద పట్టిక ఉన్న లినక్స్‌లోనే, పిలుపు కోసం తలుపు తీసుకుని కూర్చున్న సాకెట్లకి చాలాకాలం 32 బకెట్ల చిన్న పట్టిక ఉండేది. ఒక యంత్రంలో అలాంటి తలుపులు ఎన్నో ఉండవు కదా, 32 చాలనుకున్నారు. హ్యాష్ కూడా పోర్టు ఒక్కదానితోనే కట్టారు. ఆ తర్వాత ఒకే యంత్రం వేల చిరునామాల మీద 443 పోర్టు తెరిచే రోజులొచ్చాయి. చిరునామాలు వేలున్నా పోర్టు ఒకటే కాబట్టి అన్నీ ఒకే బకెట్‌లో పడ్డాయి. కొత్త కనెక్షన్ అడిగిన ప్రతి ప్యాకెట్టుకీ వేల సాకెట్ల గొలుసు తడమడం. 'ప' పేజీలో పెంచలయ్యలందరూ! ఇక్కడ బకెట్లు 32 నుంచి 32 వేలు చేసినా ఒరిగేదేమీ లేదు. పేరుతో పాటు ఊరు కూడా అడగాలి. 2017 చివర్లో మార్టిన్ కఫాయ్ లౌ చేసిన మార్పు సరిగ్గా అదే: పోర్టునీ చిరునామానీ కలిపి హ్యాష్ చేసే రెండో పట్టిక. తర్వాత పాతది తీసేశారు. పోర్టు కేటాయింపుల పట్టికకీ ఇలాంటి జబ్బే ఉండి, ఇలాంటి మందే పడింది.

పెంచలయ్యలు ఎవరి మీదా కక్షతో ఆ పేరు పెట్టుకోలేదు. నెట్‌వర్కులో మాత్రం కక్షతో పెట్టుకునేవాళ్లుంటారు. పాత కెర్నళ్లలో హ్యాష్ అంటే చిరునామానీ పోర్టులనీ ఎక్స్‌ఆర్ చేసి మడతపెట్టడమే. చిరునామాలో ఒక బిట్టు మార్చి, పోర్టులో అదే స్థానపు బిట్టునీ మారిస్తే ఫలితం మారదు. ఈ చిన్న లెక్క తెలిసినవాడు తన ప్యాకెట్లన్నీ ఒకే బకెట్‌లో పడేలా ఏరుకుని పంపగలడు. లక్ష బకెట్లున్న పట్టిక 1983 నాటి ఒంటి గొలుసైపోతుంది. స్కాట్ క్రాస్బీ, డాన్ వాలక్ 2003లో ఈ తరహా దాడులకి ఒక పేరూ సిద్ధాంతమూ ఇచ్చారు. మందు ఏమిటంటే హ్యాష్‌లో యంత్రం తనకు తాను ఎంచుకున్న రహస్య సంఖ్య కలపడం. అయితే ఎక్స్‌ఆర్ లాంటి మెతక హ్యాష్‌కి రహస్యం కలిపినా లాభం లేదు. పైన చెప్పిన రెండు బిట్ల మార్పు రహస్యంతో నిమిత్తం లేకుండానే చెల్లిపోతుంది. బిట్లని బాగా కలగలిపే హ్యాష్ ఉండాలి. లినక్స్ టీసీపీ పట్టిక బాబ్ జెంకిన్స్ హ్యాష్‌ని రహస్యంతో కలిపి వాడుతుంది. 2012లో ఒమాసన్, బెర్న్‌స్టీన్ ఇచ్చిన సిప్‌హ్యాష్ ఇంకా గట్టిది, కొంచెం నెమ్మది. బయటి ప్రపంచానికి తెరిచి ఉన్న ఏ పట్టికకైనా ఆ కొద్ది నానో సెకన్లు ఖర్చుపెట్టడం మేలంటాను. సగటు లెక్కలు చూపి రహస్యం లేని హ్యాష్‌ని సమర్థించేవాళ్లు, సగటుని నిర్ణయించే అధికారం ఎదుటివాడి చేతిలో ఉందని గమనించడం లేదు.

అసలు పట్టికలోకే రానివ్వకపోవడం ఇంకో దారి. 1996లో దొంగ కనెక్షన్ అభ్యర్థనల వరద సర్వర్లని ముంచినప్పుడు బెర్న్‌స్టీనే సిన్ కుకీ ఆలోచన ఇచ్చాడు. అడిగినవాడి వివరాలు దాచుకోకుండా, వాటిని రహస్యంతో కలిపి ఒక సంఖ్యగా మార్చి అతనికే తిరిగి పంపాలి. నిజమైనవాడైతే దాన్ని పట్టుకుని మళ్లీ వస్తాడు.

ఒకే పుస్తకాన్ని పది చేతులు తిప్పడం చివరి పెద్ద సమస్య. వెతికేవాళ్లు కోట్లు, చేర్చేవాళ్లు తీసేవాళ్లు కొద్దిమంది. ప్రతి వెతుకులాటకీ తాళం వేస్తే కోర్‌లు తాళం కోసమే కొట్టుకుంటాయి. లినక్స్‌లోకి 2002లో వచ్చిన ఆర్‌సీయూ పద్ధతిలో చదివేవాడికి తాళమే ఉండదు. దాని వెనకున్న ముఖ్యుడు పాల్ మెకెన్నీయే, 19 గొలుసుల మనిషే. ఒకే మనిషి ఈ కథలో రెండు మలుపుల దగ్గర నిలబడి ఉండటం నాకెప్పుడూ ఆశ్చర్యమే. అయితే తాళం లేకుండా చదివేటప్పుడు ఒక ప్రమాదం ఉంది. మీరు 'ప' గొలుసులో నడుస్తుండగా మీ వేలికింది కాగితాన్నే ఎవరో తీసి, కొత్త పేరు రాసి, 'మ'లో కుట్టేశారనుకోండి. తెలియకుండానే 'మ'లోకి జారి చివరిదాకా చూసి, 'పెంచలయ్య లేడు' అనేస్తారు. ఎరిక్ డ్యుమాజె 2008లో దీనికి చేసిన ఉపాయం చూడముచ్చటైనది. గొలుసు చివర మామూలుగా పెట్టే సున్నాకి బదులు ఆ బకెట్ నంబరు రాసి పెట్టాడు. చివరికి చేరినవాడు ఆ నంబరు చూసుకుంటాడు. తాను బయల్దేరిన బకెట్టే అయితే మనిషి నిజంగా లేడు. వేరేదైతే దారి తప్పినట్టు, మళ్లీ మొదలుపెట్టాలి. ఎలాగూ ఉండే ఒక ఖాళీ గడిలో ఒక సంఖ్య రాయడం, అంతే. ఫ్రీబీఎస్‌డీ కూడా ఇటీవలి వెర్షన్లలో తాళం లేని చదువుకే వచ్చింది. డ్రాగన్‌ఫ్లై బీఎస్‌డీ ఒక్కో కోర్‌కీ ఒక్కో పట్టిక ఇచ్చి గొడవే లేకుండా చేసుకుంది.

కుక్కూ హ్యాషింగ్ (పాగ్, రోడ్లర్, 2001) గురించి అడిగేవాళ్లుంటారు. ఎంత నిండినా రెండే చోట్లు చూస్తే చాలన్న హామీ గొప్పదే. కెర్నల్‌ని తప్పించి ప్యాకెట్లు నడిపే డీపీడీకే దాన్నే వాడుతుంది. కానీ కొత్తది చేర్చేందుకు పాతవాటిని జరుపుతూ పోవడం దాని స్వభావం. తాళం లేకుండా చదివేవాళ్ల మధ్య అలా జరపాలంటే కోడు చాలా చిక్కుపడుతుంది. కెర్నల్ గొలుసునే పట్టుకు కూర్చోవడానికి అదే కారణమనుకుంటాను.

బకెట్ల లెక్క మరిచిపోతే ఏమవుతుందో నెల్లూరులో ఒక చిన్న ఆఫీసులో చూశాను. పాత పేజీలు నడుస్తున్నాయి, కొత్తవి తెరుచుకోవు. గేట్‌వేగా పెట్టిన లినక్స్ పెట్టె చిట్టాలో కాన్‌ట్రాక్ పట్టిక నిండింది, ప్యాకెట్ వదిలేస్తున్నాను అన్న వరస వందలసార్లు. చిరునామాలు మార్చే ఆ పట్టికలో ప్రతి కనెక్షనూ రెండుసార్లు నమోదవుతుంది, పోయే దిక్కుకి ఒకటి, వచ్చే దిక్కుకి ఒకటి. ఎవరో పరిమితిని ఎనిమిది రెట్లు చేసి వెళ్లారు. జబ్బు తగ్గింది. నెల తర్వాత అదే పెట్టె నెమ్మదించింది. పరిమితి పెంచారు గానీ బకెట్లు పెంచలేదు, గొలుసులే పొడుగయ్యాయి. రెండు సంఖ్యలు, ఒకటే మార్చారు.

ఇప్పుడు కీ స్వయంగా మారుతోంది. 2021 మేలో ప్రమాణంగా వెలువడిన క్విక్‌లో కనెక్షన్‌ని గుర్తుపట్టేది చిరునామాలూ పోర్టులూ కాదు, కనెక్షన్ ఐడీ అనే ప్రత్యేక సంఖ్య. కొడవలూరులో ఇంటి వైఫై మీద మొదలైన వీడియో, నెల్లూరు బస్సెక్కి మొబైల్ డేటాకి మారినా తెగనక్కర లేదు. చిరునామా మారినా, ముందే ఇచ్చిపుచ్చుకున్న ఐడీలతో సర్వరు దాన్ని గుర్తుపడుతుంది. కెర్నల్‌కి ఇందులో కనబడేది ఒక యూడీపీ సాకెట్టే. లక్ష కనెక్షన్లలో ఏది ఎవరిదో వెతికే పని కెర్నల్ దాటి ప్రోగ్రాము లోపలి లైబ్రరీల చేతికి పోతోంది. అక్కడ అదే హ్యాష్, అదే రహస్యం, అదే గొలుసు పొడవు మళ్లీ కొత్తగా నేర్చుకోవాలి. కెర్నలూ ఊరుకోలేదు, 2025 జనవరిలో వచ్చిన 6.13లో యూడీపీకి కూడా నాలుగు వివరాలతో వెతికే పట్టిక చేరింది.

మా ఎరువుల కొట్టులోకి కంప్యూటరు వచ్చింది. కొట్టాయన ఇప్పుడు పేరు అడగడు, ఫోన్ నంబరు అడుగుతాడు. కుర్రాడు పదంకెలూ చెప్పగానే తెర మీద రెండు ఖాతాలు వస్తాయి. ఇంట్లో ఫోన్ ఒకటే. "మీ నాయనదా అబ్బయా, తాతదా?" అని తలెత్తి అడుగుతాడు.